వార్డు అభ్యర్థి చరిత్ర: సగం అఫిడవిట్‌లో, మిగతా సగం మున్సిపల్ ఆఫీసులో

ఎమ్మెల్యే అభ్యర్థికి ఆస్తులెన్ని, కేసులెన్ని అన్నది నామినేషన్ వేసిన తెల్లారే పేపర్లో వస్తుంది. కౌన్సిలర్‌గా నిలబడ్డవాళ్ల గురించి ఎవరూ రాయరు. 2020 జనవరి ఎన్నికల్లో నల్గొండ మున్సిపాలిటీలో 48 వార్డులు, మహబూబ్‌నగర్‌లో 49. వార్డుకు నలుగురైదుగురు చొప్పున వేసుకున్నా వందల మంది. ఇన్ని కాగితాలు ఏ విలేకరీ తిరగేయడు. గల్లీలో ఉన్నవాళ్లకేమో ‘మనోడే కదా, తెలియనిదేముంది’ అనిపిస్తుంది. నిజానికి తెలిసేది ముఖం, ఇంటిపేరు, ఎవరి మనిషి అన్న మాట, అంతే. ఆయనకు మున్సిపాలిటీతో ఉన్న లెక్కలు, కోర్టులో ఉన్న లెక్కలు, భూమి లెక్కలు పక్కింటివాళ్లకూ తెలియవు.

ఈ మూడింట్లో జనం ఎక్కువగా మాట్లాడుకునేది కేసుల గురించి. నా మటుకు మున్సిపాలిటీతో ఉన్న లెక్కే అన్నిటికంటే ముందు చూడాలి. కౌన్సిలర్ చేసేది చట్టాలు కాదు. మోరీ, నల్లా, సీసీ రోడ్డు, లేఅవుట్, పన్ను, చెత్తబండి: ఇవే ఆయన పని. ఈ పనుల్లో తనకే లాభనష్టాలున్న మనిషి కౌన్సిల్ హాలులో కూర్చుంటే ఏమవుతుందో ఏ ఊళ్లో అడిగినా చెబుతారు.

ముందు టైము సంగతి. 2020లో నామినేషన్లు జనవరి 8 నుంచి 10 దాకా, పరిశీలన 11న, ఉపసంహరణ 14న, పోలింగ్ 22న. అంటే బరిలో ఎవరున్నారో తేలాక మిగిలింది ఎనిమిది రోజులు, అందులో సంక్రాంతి ఒకటి. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబివ్వడానికి చట్టం ఇచ్చిన గడువే 30 రోజులు. నోటిఫికేషన్ వచ్చాక దరఖాస్తు పెడితే జవాబు వచ్చేసరికి చైర్మన్ ఎన్నిక కూడా అయిపోతుంది. కాబట్టి వార్డుల రిజర్వేషన్లు ఖరారైన రోజే పని మొదలుపెట్టాలి. రిజర్వేషన్ తేలగానే ఆశావహులెవరో గల్లీ అంతటికీ తెలుస్తుంది, ఫ్లెక్సీలే చెబుతాయి.

నామినేషన్ సెట్టులో ఏముంటుంది

నామినేషన్ పత్రంతో పాటు అభ్యర్థి మీద ఉన్న కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు చెబుతూ ఒక అఫిడవిట్ ఇవ్వాలి. ఓటరుకు ఇవి తెలుసుకునే హక్కుందని సుప్రీంకోర్టు 2002లో తేల్చింది, 2003లో మళ్లీ నొక్కి చెప్పింది. ఆ తీర్పులు పార్లమెంటు, అసెంబ్లీ ఎన్నికల గురించి. స్థానిక ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం కాబట్టి దాని ఫారాలు వేరు, దాని ఆదేశాలు వేరు. అసెంబ్లీ అభ్యర్థులవి వెతికే కేంద్ర ఎన్నికల సంఘం సైటులో కౌన్సిలర్‌వి వెతికితే దొరకవు. రిటర్నింగ్ ఆఫీసర్ (నామినేషన్లు తీసుకునే ఎన్నికల అధికారి) నోటీసు బోర్డు దగ్గర చూడాలి, లేదా అదే ఆఫీసులో కాపీ అడగాలి. బోర్డు మీద పెట్టింది ఫోటో తీసేటప్పుడు ప్రతి పేజీ తీయండి. అప్పులు, కేసుల వివరాలు ఉండేవి వెనక పేజీల్లోనే, జనం వదిలేసేవీ అవే.

ఫోటో తీశాక మొదట చూడాల్సింది ఖాళీలు. ఏమీ లేకపోతే ‘లేదు’ అనో ‘వర్తించదు’ అనో రాయాలి, గళ్లు వదిలేయకూడదు. అఫిడవిట్‌లో గళ్లు ఖాళీగా వదిలితే, గుర్తు చేసినా నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు అన్నది. అబద్ధం రాస్తే మాత్రం పరిశీలన రోజు అక్కడికక్కడే కొట్టేయరు. రిటర్నింగ్ ఆఫీసర్ దర్యాప్తు అధికారి కాడు. కాగితం ఉందా, సంతకం ఉందా, అర్హత ఉందా అన్నంతవరకే ఆయన చూసేది. ‘ఆఫీసర్ ఓకే చేసిండు’ అంటే రాసిందంతా నిజమని ఆయన ముద్ర వేసినట్టు కాదు.

అర్హతల జాబితా చిన్నదే. 21 ఏళ్లు నిండాలి, ఆ మున్సిపాలిటీ ఓటరు జాబితాలో పేరుండాలి. ప్రతిపాదించే మనిషి అదే వార్డు ఓటరై ఉండాలి. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పనికిరారన్న పాత నిబంధన మున్సిపల్ ఎన్నికలకు ఇప్పుడు లేదు, అయినా ప్రతిసారీ దాని మీదే లొల్లి. చదువు గురించి పెద్దగా కష్టపడనక్కర్లేదు. డిగ్రీ ఉండాలన్న నిబంధనే లేనప్పుడు పది ఫెయిలా పాసా అన్నది వార్డుకు పనికొచ్చే సంగతి కాదు, అబద్ధం రాశారా అన్నదొక్కటే చూడాలి. రిజర్వుడు వార్డుల్లో కుల ధ్రువీకరణ పత్రం ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు అన్నది చూడండి. పోటీకి కొద్ది రోజుల ముందు మొదటిసారి తీసుకున్న పత్రమైతే తహసీల్దార్ ఆఫీసులో దాని ఆధారాలేంటో అడగవచ్చు. అభ్యంతరం ఉంటే పరిశీలన రోజు రాతపూర్వకంగా, చేతిలో కాగితంతో చెప్పాలి. నోటిమాటగా చెబితే ఎవరూ రాసుకోరు.

కేసులు: అంకె చూడొద్దు, సెక్షన్ చూడండి

‘ఆయన మీద ఏడు కేసులున్నయ్’ అనే మాటకు విలువ లేదు. ఏడూ ఏ సెక్షన్ల కింద అన్నదే ప్రశ్న. మన దగ్గర ఉద్యమాల్లో తిరిగినవాళ్లకు, ఏ పార్టీవాళ్లయినా, కేసులు తప్పవు. ధర్నా చేస్తే పాత ఐపీసీ 143, 341, 188. రైలు ఆపితే రైల్వే చట్టం 147, 174. తెలంగాణ ఉద్యమం నాటివి ఇలాంటివి చాలామందికి ఉన్నాయి, చాలావరకు ఎత్తేశారు కూడా. వీటిని నేరచరిత్ర కింద లెక్కేస్తే రోడ్డెక్కి అడిగినవాడు చెడ్డవాడు, ఇంట్లో కూర్చున్నవాడు మంచివాడు అని తేల్చినట్టే అవుతుంది.

ఆగి చూడాల్సినవి వేరు. 420తో పాటు 467, 468, 471 కలిసి ఉన్నాయంటే మోసంతో పాటు దొంగ కాగితాల ఆరోపణ అన్నమాట. మన పట్టణాల్లో దాని అర్థం చాలాసార్లు ప్లాటు డబుల్ రిజిస్ట్రేషనో, చనిపోయినవాళ్ల పేరున సంతకమో. 447, 506 జంటగా కనిపిస్తే స్థలంలోకి చొరబడి బెదిరించారని. 353 ఉంటే ప్రభుత్వ ఉద్యోగి మీద చెయ్యి చేసుకున్నారని; అది ధర్నాలో తోపులాటా, మున్సిపల్ సిబ్బంది కూల్చివేతకు వస్తే కొట్టారా అన్నది ఎఫ్‌ఐఆర్ చదివితేగానీ తెలియదు. దొంగతనం సెక్షన్ 379, దాని పక్కన గనుల చట్టం 21 కనిపిస్తే అది ఇసుక. గేమింగ్ చట్టం 3, 4 అంటే పేకాట. 3 ఆడించినవాళ్లకు, 4 ఆడినవాళ్లకు, తేడా చిన్నది కాదు. నిత్యావసర సరుకుల చట్టం కింద కేసుంటే రేషన్ బియ్యం అయి ఉండొచ్చు. 498ఏ (భార్యను వేధించిన కేసు), ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద ఉన్నవాటిని ‘ఇంటి గొడవ’, ‘ఊరి గొడవ’ అని పక్కకు తోసేయకండి, తీర్పు మాత్రం కోర్టుకు వదలండి.

2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, నంబర్లు మారిపోయాయి. పాత 420 ఇప్పుడు 318లో నాలుగో ఉపసెక్షన్, 506 బదులు 351, 353 బదులు 132, హత్యాయత్నం 307 బదులు 109, ఇసుకకు పెట్టే 379 బదులు 303. ఒకే అభ్యర్థి అఫిడవిట్‌లో రెండు రకాల నంబర్లూ ఉండొచ్చు. జరిగిన తేదీని బట్టి సెక్షన్ ఉంటుంది. నంబరు గుర్తుపట్టలేదని ‘చిన్న కేసే’ అనుకోవద్దు.

అఫిడవిట్‌లో రాసింది ఒక ఎత్తు, రాయనిది ఒక ఎత్తు. రాయనిది పట్టుకోవడానికి కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైటు గానీ యాప్ గానీ చాలు, డబ్బు పని లేదు. తెలంగాణ, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని, పార్టీ పేరుతో వెతికే దగ్గర (ఇక్కడ పార్టీ అంటే కక్షిదారు) పేరు, సంవత్సరం ఇవ్వాలి. పెండింగ్, డిస్పోజ్డ్ (ముగిసినవి), ‘రెండూ’ అని మూడు ఆప్షన్లుంటాయి, ‘రెండూ’ అన్నదే ఎంచుకోండి. సంవత్సరం తప్పనిసరి కాబట్టి పదేళ్ల చరిత్ర కావాలంటే పదిసార్లు వెతకాలి. ఒకసారి కొట్టి ఏమీ రాలేదని ఆపేస్తే అది వెతికినట్టు కాదు.

ఇక్కడే రెండు బోల్తాలు. మొదటిది జిల్లాల విభజన. కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు పనిచేయడం మొదలైంది 2022 జూన్ 2న. అంతకుముందు సూర్యాపేట, భువనగిరి వైపు సెషన్స్ కేసులకు నల్గొండ జిల్లా కోర్టే. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్, నారాయణపేటకు మహబూబ్‌నగర్ జిల్లా కోర్టే. వనపర్తి అభ్యర్థి పేరు వనపర్తిలో మాత్రమే వెతికితే పాతది జారిపోవచ్చు. రెండు చోట్లా చూడండి.

రెండోది పేరు. సైట్‌లో పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి, ఎఫ్‌ఐఆర్ రాసిన కానిస్టేబుల్ ఎలా రాస్తే అలా. నల్గొండ వైపు గల్లీకొక సైదులు ఉంటాడు. ఆ పేరును ఎస్ ఏ ఐ అని మొదలుపెడతారు, ఎస్ వై అని మొదలుపెడతారు, డీ పక్కన హెచ్ చేరుస్తారు. పాలమూరు వైపు కురుమూర్తి, కుర్మయ్య, కురుమయ్య ఒకరే కావచ్చు, ముగ్గురూ కావచ్చు. నర్సింహ, నరసింహులు, నర్సిమ్లు సంగతీ అంతే. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట ఒక్క అక్షరంగా, ఒకచోట అసలు లేకుండా ఉంటుంది. పేరులో మారని మూడు నాలుగు అక్షరాలు మాత్రమే కొట్టి, వచ్చిన జాబితాలో వడపోయడం మేలు.

అలా దొరికిన మనిషి మన అభ్యర్థేనా? పేరు కలిసినంత మాత్రాన కాదు. తండ్రి పేరు, వయసు, ఊరు: ఈ మూడింట్లో కనీసం రెండు కలవాలి. ఇవి ఎఫ్‌ఐఆర్‌లో ఉంటాయి. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పోలీస్ స్టేషన్, సంవత్సరం, నంబరు తెలిస్తే రాష్ట్ర పోలీసు సైటులో చూడొచ్చు. ఇంత చూడకుండా స్క్రీన్‌షాట్ తీసి వార్డు వాట్సాప్ గ్రూపులో వేస్తే నష్టపోయేది మీరే. అభ్యర్థి వ్యక్తిగత నడవడి గురించి ఎన్నికల వేళ అబద్ధం ప్రచారం చేయడం న్యాయ సంహిత 175 కింద నేరం. వేరే సైదులు కేసును ఈ సైదులు నెత్తిన వేసి ‘ఫార్వర్డ్ చేసిన, నాకేం తెలుసు’ అంటే చెల్లదు.

కేసు రకం కూడా గమనించండి. సీసీ అంటే మెజిస్ట్రేట్ కోర్టులో నడిచే క్రిమినల్ కేసు. ఎస్‌సీ అంటే సెషన్స్ కేసు, పెద్దది. కొత్తవాళ్లు దాన్ని అట్రాసిటీ కేసనుకుంటారు. ఓఎస్ సివిల్ దావా. ఈపీ అంటే కోర్టు డిక్రీ ఇచ్చేశాక దాని అమలుకు, ఎక్కువగా డబ్బు వసూలుకు, వేసే పిటిషన్. అఫిడవిట్‌లో ‘అప్పులు లేవు’ అని రాసి, అదే మనిషి మీద ఈపీ నడుస్తుంటే ఆ కాగితంలో మిగతా గళ్లనూ అనుమానంగానే చూడాలి. చెక్ బౌన్స్ కేసులు సీసీ నంబరుతోనే ఉంటాయి, ఎఫ్‌ఐఆర్ ఉండదు. అందుకే ‘నా మీద పోలీసు కేసు ఒక్కటీ లేదు’ అన్న మాట నిజమే అయినా, చెక్ బౌన్స్ సెక్షన్ 138 కింద నాలుగు కేసులు ఉండొచ్చు. చిట్టీలు, గిరిగిరి (రోజువారీ వసూలు) ఫైనాన్స్ నడిపే అభ్యర్థుల దగ్గర ఈ గడి తప్పకుండా చూడండి. వాళ్లు ఫిర్యాదుదారుగా వేసిన 138 కేసులు కుప్పలుగా ఉంటే వడ్డీ వ్యాపారం ఎంత పెద్దదో తెలిసిపోతుంది. అప్పుడు చిట్టీ రిజిస్టర్ అయిందా, వడ్డీ వ్యాపారానికి లైసెన్సుందా అన్నది తర్వాతి ప్రశ్న. చిట్‌ఫండ్స్ చట్టం 1982 నాటిది, రిజిస్టర్ చేయని చిట్టీ నడపడం నేరం.

మున్సిపాలిటీతో లెక్క

నామినేషన్‌కు ముందు అందరూ నో డ్యూస్ కోసం పరుగెత్తుతారు. ఏళ్లతరబడి కట్టని ఇంటిపన్ను, నల్లా బిల్లు ఆ వారంలో కడతారు. నో డ్యూస్ సర్టిఫికెట్ చెప్పేది ఈ రోజు బాకీ లేదని మాత్రమే. అది చూసి ‘పన్ను కట్టే మనిషి’ అనుకోవడం తొందరపాటు. ప్రతి ఇంటికీ ఎంత డిమాండు, ఎంత వసూలు, ఎంత బాకీ అన్నది మున్సిపాలిటీలో డీసీబీ రిజిస్టర్‌లో ఉంటుంది. ఐదేళ్ల డీసీబీ చూస్తే మనిషి సంగతి తెలుస్తుంది: ఏప్రిల్ 30లోపు కట్టి 5 శాతం రాయితీ తీసుకునే రకమా, నెలకు 2 శాతం వడ్డీ పడుతున్నా పట్టించుకోకుండా పోటీ చేసే ఏడాది దాకా ఆగిన రకమా. పురపాలక శాఖ డైరెక్టరేట్ సైట్‌లో అసెస్‌మెంట్ నంబరుతో గానీ ఇంటి నంబరుతో గానీ బాకీ వివరాలు చూడొచ్చు. ఇంటి నంబరు అఫిడవిట్‌లోనే ఉంటుంది.

బాకీ కన్నా కొలతలు ఎక్కువ మాట్లాడతాయి. ఇల్లు జీ ప్లస్ టూ, కింద రెండు షట్టర్లు అద్దెకు. పన్ను మాత్రం ఒక్క అంతస్తుకు, నివాసం కింద. ఇది ప్రతి పట్టణంలో ఉన్నదే. 2019 మున్సిపాలిటీల చట్టం వచ్చాక కొలతలు యజమానే స్వయంగా ప్రకటించాలి, తప్పు చెబితే 25 రెట్ల జరిమానా అని రాసుంది. రేపు ఇదే చట్టం అమలు చూడాల్సిన మనిషి తన ఇంటికి ఏ కొలత ఇచ్చాడన్నది న్యాయమైన ప్రశ్నే. ఇంటి ముందు నిలబడితే అంతస్తులు కనిపిస్తాయి, సైట్‌లో పన్ను కనిపిస్తుంది, రెండూ పక్కపక్కన పెట్టుకుంటే చాలు. అద్దె షట్టర్లకు నివాస పన్నే పడుతుంటే తేడా ఎవరికైనా అర్థమవుతుంది. చెరువు, నాలా పక్కన కట్టడమైతే ఇంకొకటి: పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్ల బఫర్ వదలాలి.

తర్వాతది కాంట్రాక్టు. మున్సిపాలిటీతో నడుస్తున్న కాంట్రాక్టులో వాటా ఉన్న మనిషి సభ్యుడిగా ఉండకూడదు. అందుకని కాంట్రాక్టు తమ్ముడి పేరునో బామ్మర్ది పేరునో ఉంటుంది. 2020 ఫిబ్రవరి 24న పట్టణ ప్రగతి మొదలైన దగ్గర్నుంచి మోరీలు, శ్మశానవాటికలు, నర్సరీలు, మొక్కలు అంటూ చిన్నచిన్న పనులు చాలా నడిచాయి. పెద్ద పనులు రాష్ట్ర టెండర్ల పోర్టల్‌లో దొరుకుతాయి. టెండరు లేకుండా నేరుగా ఇచ్చిన (దీన్నీ ‘నామినేషన్’ అనే అంటారు) చిన్న పనులు అక్కడ ఉండవు, వాటికి సమాచార హక్కు దరఖాస్తే దారి.

ఆ దరఖాస్తు రాసే తీరులో కిటుకుంది. ‘ఫలానా ఆయనకు ఎన్ని కాంట్రాక్టులు ఇచ్చారు’ అని అడిగితే వ్యక్తిగత సమాచారమనో, ఆ రూపంలో రికార్డు లేదనో తిప్పి పంపిస్తారు. మనిషిని అడగొద్దు, పనిని అడగండి: ‘గత ఐదు ఆర్థిక సంవత్సరాల్లో ఫలానా వార్డులో చేసిన పనుల జాబితా, ఒక్కో పనికి అంచనా మొత్తం, ఏజెన్సీ పేరు, అగ్రిమెంటు తేదీ, చెల్లించిన మొత్తం, అందులో ఫలానా సీసీ రోడ్డు పనికి కొలతల పుస్తకం నకలు.’ ఇది ప్రజల డబ్బుతో చేసిన పని రికార్డు, దాచేది కాదు. రుసుం 10 రూపాయలు, పోస్టల్ ఆర్డర్ పెట్టండి. తెల్లరేషన్ కార్డు నకలు జతచేస్తే అదీ అక్కర్లేదు. నకళ్లకు పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో రాకపోతే అదే ఆఫీసులో మొదటి అప్పీలు. జాబితా చేతికొచ్చాక ఏజెన్సీ పేర్లు చూస్తే చాలు, ఎవరి బామ్మర్దో గల్లీవాళ్లే చెబుతారు.

భూమి, ప్లాట్లు

వృత్తి గడిలో సగం మంది ‘వ్యవసాయం’ అని, మిగతా సగం ‘వ్యాపారం’ అని రాస్తారు. హైదరాబాద్ రోడ్డు పొడుగునా నల్గొండ అయినా, జడ్చర్ల వైపు మహబూబ్‌నగర్ అయినా, ఆ వ్యాపారంలో ఎక్కువ భాగం రియల్ ఎస్టేటే. రియల్టర్ కావడం తప్పేమీ కాదు. చూడాల్సింది ఆయన వేసిన వెంచర్‌కు అనుమతి ఉందా, అందులో పార్కు స్థలం ఏమైంది అన్నది.

అనుమతి పొందిన లేఅవుట్‌లో సుమారు పదో వంతు ఖాళీ స్థలం, రోడ్లు మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ చేసివ్వాలి. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో సర్వే నంబరుతో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) తీస్తే కమిషనర్ పేరున గిఫ్ట్ డీడ్ ఉందా లేదా కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. గిఫ్ట్ డీడ్ లేకపోయినా, ఉండి కూడా ఆ స్థలంలోంచి ప్లాట్లు అమ్మినట్టు సేల్ డీడ్‌లు కనిపించినా ఆగి చూడండి. ఈసీలో ఒక లోపముంది: రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, సాదాబైనామాలు (తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకాలు) అందులో రావు. ‘ఈసీ క్లీన్’ అంటే గొడవ లేదని కాదు, రిజిస్టర్ అయిన గొడవ లేదని. లేఅవుట్ రెగ్యులరైజేషన్‌కు 2020 ఆగస్టు 26కు ముందు వేసిన వెంచర్లకే వీలిచ్చారు. అభ్యర్థి వెంచర్‌లో కొన్నవాళ్లు వెయ్యి రూపాయల చొప్పున కట్టి ఇంకా ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే, అది అఫిడవిట్‌లో ఏ గడిలోనూ ఉండని సంగతి.

సాగుభూమికి గతంలో ధరణి, 2025 ఏప్రిల్ నుంచి భూభారతి. జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు ఇస్తే వివరాలు వస్తాయి. సర్వే నంబర్లు అఫిడవిట్‌లో ఉండాలి. ‘రెండెకరాలు, ఫలానా గ్రామం’ అని మాత్రమే రాస్తే అది కావాలనే వదిలినట్టు. నిషేధిత భూముల జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో కూడా అక్కడే చూడండి. అసైన్డ్ భూమిని (ప్రభుత్వం పేదలకు పంచింది) కొనడం 1977 చట్టం ప్రకారం చెల్లదు, అయినా అఫిడవిట్‌లో ‘కొనుగోలు’ అని రాసుకున్నవాళ్లుంటారు.

విలువల దగ్గర తొందరపడకూడదు. ఇంటి ప్లాటు 300 గజాలు, ప్రభుత్వ విలువ గజం నాలుగు వేలనుకుందాం, బయట ఇరవై వేలు. ఒకరు 12 లక్షలని రాస్తారు, ఇంకొకరు 60 లక్షలని. ఇద్దరికీ ఉన్నది అంతే. విస్తీర్ణాలు పోల్చండి, రూపాయలు కాదు. పాత కౌన్సిలర్ ఆస్తి ఐదేళ్లలో రెట్టింపైందన్న లెక్కలు కూడా ఇలాగే దారి తప్పిస్తాయి. రాష్ట్రంలో భూముల ప్రభుత్వ విలువలు 2021 జులైలో ఒకసారి, 2022 ఫిబ్రవరిలో ఇంకోసారి పెంచారు. గజం కొనకుండానే కాగితం మీద ఆస్తి పెరుగుతుంది. 2020 అఫిడవిట్, కొత్త అఫిడవిట్ పక్కపక్కన పెట్టుకుని కొత్తగా చేరిన సర్వే నంబర్లు, ఇంటి నంబర్లు ఏవో గుర్తుపెట్టండి. చెప్పుకోదగ్గ మార్పు అదొక్కటే.

మహిళా వార్డులు, రెబల్స్, పాతకాపులు

సగం సీట్లు మహిళలవి. ఆ వార్డుల్లో చాలాచోట్ల ఫ్లెక్సీ మీద పెద్ద ఫోటో భర్తది. అక్కడ చరిత్ర చూడాల్సింది ఇద్దరిదీ. ఆస్తుల గళ్లలో జీవిత భాగస్వామి వివరాలు ఉంటాయి గానీ, కేసుల గడి అభ్యర్థిది మాత్రమే. వృత్తి ‘గృహిణి’, కేసులు ‘లేవు’ అని చూసి ముందుకెళ్తే అసలు మనిషిని వదిలేసినట్టు. ఈ-కోర్ట్స్‌లో భర్త పేరు, కొడుకు పేరు కూడా కొట్టండి. ఇలా చెప్పడం ఆమెను తక్కువ చేయడం కాదు. సొంతంగా సంఘం నడిపినవాళ్లు, అంగన్‌వాడీ మీద కొట్లాడినవాళ్లు నిలబడ్డ వార్డులూ ఉన్నాయి. అక్కడ ఫ్లెక్సీ మీద ఫోటో కూడా ఆమెదే పెద్దగా ఉంటుంది.

మున్సిపల్ ఎన్నికలు పార్టీ గుర్తుల మీదే జరుగుతాయి, బీ ఫారం (ఫలానా మనిషే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే పత్రం) నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసేలోపు అందాలి. అందుకే చివరి గంట దాకా ఒక్కో పార్టీ నుంచి ఇద్దరు ముగ్గురు నామినేషన్ వేసి ఎదురుచూస్తారు. బీ ఫారం దక్కనివాళ్లు ఇండిపెండెంట్‌గానో ఇంకో పార్టీ గుర్తు మీదో దిగుతారు. 2020లో కొల్లాపూర్‌లో టికెట్ దక్కని వర్గం ఫార్వర్డ్ బ్లాక్ సింహం గుర్తు మీద పోటీ చేసింది. గుర్తు చూసి మనిషి ఏ పార్టీ అని తేల్చుకోవద్దు. చైర్మన్‌ను ఎన్నుకునేది కౌన్సిలర్లూ, ఎక్స్ అఫీషియో (ఎమ్మెల్యే, ఎంపీ లాంటి, పదవిరీత్యా వచ్చే) సభ్యులూ కాబట్టి గెలిచాక ఎటు చెయ్యెత్తుతారన్నది గుర్తు కన్నా ముఖ్యం. గతంలో ఎన్ని పార్టీలు మారారన్నది పాత నామినేషన్లలోనే ఉంటుంది.

మళ్లీ నిలబడే పాత కౌన్సిలర్ల గురించి ఇంకో మంచి ఆధారముంది, ఎవరూ ముట్టుకోరు: కౌన్సిల్ సమావేశాల మినిట్స్, అంటే అక్కడ జరిగింది రాసిపెట్టే రికార్డు. 2020లో గెలిచిన పాలకవర్గాల గడువు 2025 జనవరిలో ముగిసింది, ఐదేళ్ల మినిట్స్ ఆఫీసులో ఉన్నాయి. హాజరు, ఏ తీర్మానానికి అసమ్మతి రాయించారు, ఎజెండాలో తమ వార్డు పని ఎన్నిసార్లు పెట్టించారు, ఇవన్నీ అందులో దొరుకుతాయి. ‘నేను కొట్లాడి తెచ్చిన’ అని చెప్పుకునే రోడ్డు తీర్మానం రోజు సదరు సభ్యుడు సమావేశానికే రాలేదని తేలడం అరుదేమీ కాదు. 2019 చట్టం ప్రకారం వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి, ఒక్కో దాంట్లో 15 మంది: యువత, మహిళలు, పెద్దవాళ్లు, ప్రముఖులు. పాత కౌన్సిలర్‌ను ఆ 60 మంది పేర్లు అడగండి. నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత కూడా ఆ చట్టం వార్డు సభ్యుడి మీదే పెట్టింది. ఆ మొక్కలెక్కడున్నాయో చూపించమని అడగడానికి సమాచార హక్కు కూడా అక్కర్లేదు.

ఖర్చు లెక్క ఎన్నికల తర్వాత చూడాల్సిన కాగితం. 2020లో మున్సిపాలిటీ వార్డుకు లక్ష రూపాయలు, కార్పొరేషన్ డివిజన్‌కు లక్షన్నర పరిమితి. మహబూబ్‌నగర్ 2025లో కార్పొరేషన్ అయింది కాబట్టి అక్కడ లెక్క మారింది. ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ లెక్కలివ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి పనికిరారు. ఓడినవాళ్లు ఈ గడువు మర్చిపోయి, వచ్చేసారి నామినేషన్ దగ్గర తెల్లమొహం వేస్తారు. ఇచ్చిన లెక్కల్లో భోజనాలు, జీపులు, ఫ్లెక్సీల పద్దులు ఎంత రాశారో చూడండి. మీ గల్లీలో కట్టిన ఫ్లెక్సీలు ఎన్నో ప్రచారం నడిచే రోజుల్లోనే తేదీ కనిపించేలా ఫోటో తీసి పెట్టుకుంటేనే ఆ పద్దు పోల్చడానికి వీలవుతుంది.